తాళంచెవి తగిలించిన వైరు

ముందు కదిలింది, తర్వాత టక్కుమంది. వరస తిరగబడిందేమిటి? ముందు తలుపు రెక్కలు రెండూ కలవాలి, లోపలి కొక్కెం పడి చిన్నగా టక్కుమనాలి, ఆ తర్వాతే లిఫ్టు కదలాలి. ఇరవై రెండేళ్ళు లిఫ్టులు బాగుచేస్తూ ఆ వరస వింటూ బతికిన చెవులివి. ఆరేళ్ళుగా జైలు తలుపుల చప్పుడు తప్ప మరొకటి వినలేదు కాబట్టి పాడైపోయాయేమో, భయంలో ఉన్నవాడికి అన్నీ తలకిందులుగానే వినిపిస్తాయేమో. నాకున్నది చిన్న భయం కాదు. ఒంటిగంటా యాభై అయింది. న్యాయమూర్తులిద్దరూ భోజనానికి లేచారు, రెండున్నరకి వచ్చి కూర్చుంటారు, మొదట చదివేది నా తీర్పే. ఇంకా నలభై నిమిషాలు. మూడో అంతస్తు వరండా, గోడకి ఆనించిన చెక్క బెంచీ, నా కుడిచెయ్యి మీసాలాయన ఎడమచేతిలో. కోర్టు లోపల బేడీలు వేయకూడదట, అందుకని ఆ పెద్ద కానిస్టేబులు నా వేళ్ళలో వేళ్ళు దూర్చి కూర్చుంటాడు, చూసేవాళ్ళకి ఇద్దరు చిన్ననాటి స్నేహితులు ఊరు చూడ్డానికి వచ్చారనిపిస్తుంది. అరచెయ్యి తడిసిపోయింది. ఆ చెమట నాదో ఆయనదో తెలియదు.

చూడకు, అటు చూడకు అనుకుంటూనే చూశాను. పొద్దున మేం వచ్చేసరికి లిఫ్టుకి ‘పనిచేయుట లేదు’ అని అట్టముక్క వేలాడుతోంది. మెట్లెక్కే వచ్చాం, మీసాలాయన తన మోకాళ్ళనీ, లిఫ్టునీ, లిఫ్టు కనిపెట్టినవాణ్ణీ వరసగా తిట్టుకుంటూ. పావుగంట క్రితం నీలం చొక్కా తొడుక్కున్న నడివయసు మనిషి పైనుంచి దిగి, అట్టముక్క పీకి సంచిలో పెట్టుకుని, మీట ఒకసారి నొక్కి, లిఫ్టు వచ్చిందని తృప్తిపడి, మెట్ల మీదుగా వెళ్ళిపోయాడు. ఒకసారే నొక్కాడు. ప్రతి అంతస్తులోనూ నొక్కాలి, తలుపు మధ్యలో చెయ్యి పెట్టి చూడాలి, ఆకలేసినవాడిలా అలా పోకూడదు. అయినా నాకెందుకు? కాసేపట్లో నా తల ఉంటుందో ఊడుతుందో తెలియదు, కోర్టువారి లిఫ్టు గొడవ నాకెందుకు? జైలుకెళ్ళాక నాకు ప్రతి లిఫ్టులోనూ నేను మర్చిపోయిన ఆ వైరే కనిపిస్తుంది. ఆస్పత్రికి తీసుకెళ్ళినప్పుడు అక్కడి లిఫ్టు ఎక్కనని మొండికేస్తే జైలు డాక్టరు నా కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

గొలుసు అంటుంది లాయరమ్మ. మొదటిసారి కలిసినప్పుడే చెప్పింది. “చూసినవాళ్ళు ఎవరూ లేని కేసు మీది. ఉన్నవన్నీ చుట్టుపక్కల సంగతులే. అవి గొలుసులా ఒకదాంట్లో ఒకటి పడాలి. ఒక్క లంకె తెగినా అది గొలుసు కాదు.” ఆమె మంచిది, తిట్టినా మంచిగానే తిడుతుంది. వేళ్ళు మడిచి లెక్క చెప్పింది. ఆ మధ్యాహ్నం నేను హత్య జరిగిన భవనంలో ఉన్నాను, ఒకటి. పోలీసులు ఆపితే పరుగెత్తాను, రెండు. పరుగెత్తి మళ్ళీ ఆ భవనంలోకే వెళ్ళాను, మూడు. పైనుంచి ఏదో విసిరేశాను, నాలుగు. ఏమీ విసరలేదని అబద్ధమాడాను, ఐదు. “వాళ్ళకి కష్టం లేకుండా లంకెలన్నీ మీరే చేసిచ్చారు” అంది. నిజమే, చేతిపనివాణ్ణి కదా, అడక్కుండానే చేసిచ్చాను. ఆమె పట్టుకున్నది రెండో లంకెని. పరుగెత్తినంత మాత్రాన నేరం చేసినట్టు కాదని, భయపడి పరుగెత్తేవాళ్ళు లోకంలో కోకొల్లలని, మూడు రోజులు నిలబడి వాదించింది. ఇద్దరు న్యాయమూర్తుల్లో పెద్దాయన తల ఊపాడు. రెండో ఆయన పెన్ను మూత పెట్టి తీసి, పెట్టి తీసి, ఒక్క ప్రశ్న అడిగాడు. “భయపడినవాడు ఇంటికి పరుగెత్తుతాడు గానీ, శవం ఉన్న చోటికి ఎందుకు పరుగెత్తుతాడమ్మా?” ఆ ప్రశ్న అడిగి నెల రోజులైంది, నేను ఈ నెల రోజులూ నిద్రపోలేదు. కింది కోర్టు జడ్జిగారి వాక్యమైతే నాకు కంఠతా వచ్చు. నేరం చేయనివాడికి పరుగెత్తవలసిన అవసరం ఏమిటి?

జేబులో తాళంచెవి లేకపోవడం, అదీ అవసరం. ఈ మాట ఎవరికి చెబితే అర్థమవుతుంది? లిఫ్టు తలుపు పూర్తిగా మూసుకుంటేనే మోటారుకి కరెంటు వెళుతుంది. తలుపుల దగ్గర ఎక్కడో తేడా వచ్చి లిఫ్టు మొరాయించినప్పుడు, ఆ తేడా ఏ అంతస్తులో ఉందో పట్టుకోవడానికి, పైన మిషన్ రూములో ప్యానెల్ పెట్టె తెరిచి ఒక జానెడు వైరు అడ్డంగా తగిలిస్తాం. జంపరు అంటాం దాన్ని. అది ఉన్నంతసేపు లిఫ్టు కళ్ళకి గంతలు కట్టినట్టే. తలుపు బార్లా తెరిచి ఉన్నా మూసుకుందనే అనుకుంటుంది, మనిషి ఒక కాలు లోపల పెట్టి ఒక కాలు బయట పెట్టి ఉన్నా కదిలిపోతుంది. పని అవగానే తీసేయాలి. అందరికీ తెలుసు, అందరూ తీస్తారు, ఒక్కో రోజు ఒక్కోడు మర్చిపోతాడు. అందుకే మా మేస్త్రి ఒక అలవాటు నేర్పాడు. నోట్లో ఎప్పుడూ అగ్గిపుల్ల, మాట కటువు, చెయ్యి మాత్రం బంగారం. “జంపరు పెట్టే ముందు ఇంటి తాళంచెవి తీసి ఆ వైరుకే తగిలించండ్రా. మర్చిపోయి వెళ్ళినా గుమ్మం దగ్గర గుర్తొస్తుంది. పెళ్ళాం తిట్లు తినేలోపు వెనక్కి పరుగెత్తచ్చు.” ఇంటి తాళం లేనివాడు బండి తాళం తగిలించేవాడు. ఆయన చేతికింద పని నేర్చినవాళ్ళం పాతికమందిమి ఉంటాం, ఎక్కడ పనిచేసినా ఆ అలవాటు పోలేదు. తాళంచెవి తగిలించడం గుర్తుంటుంది గానీ వైరు తీయడం గుర్తుండదేమిట్రా అని నవ్వుకునేవాళ్ళం. అప్పుడు నవ్వొచ్చేది.

మీసాలాయన ఆవులించాడు. వేళ్ళు కాస్త సడలాయి, మళ్ళీ బిగిశాయి. “ఏమయ్యా తాళంచెవీ, చెయ్యి మంచుముక్కలా ఉందేంటి” అన్నాడు. జైల్లో నాకు పెట్టిన పేరది. వెళ్ళిన కొత్తలో ఎందుకు పరుగెత్తావని ఈయనే అడిగితే, తాళంచెవి కోసమని చెప్పాను. కడుపు పట్టుకుని నవ్వి నలుగురికీ చెప్పాడు, పేరు స్థిరపడిపోయింది. ఎదుటి బెంచీ మీద మా ఆవిడ మూత తీయని డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రెండుచోట్ల కుట్టుపని చేస్తోంది, కళ్ళకింద నల్లగా అయింది. “ఇంత తినండి, ఖాళీ కడుపుతో ఏం వింటారు?” అంది. వద్దన్నాను. “ఇవాళ ఇంటికే వస్తారు చూడండి. మంచం కిటికీ పక్కకి జరిపించాను. తాళం కూడా మార్చలేదు, అదే ఉంచాను.” అలా మాట్లాడకు తల్లీ అని లోలోపల మొక్కాను. మంచం కిటికీ పక్కన ఉందని తెలిశాక, కాదు పొమ్మంటే నేనేమైపోవాలి? నా తాళంచెవి ఇదే కోర్టులో ఎక్కడో గుడ్డసంచిలో సీలు వేసి ఉంది. దొరికింది అదొక్కటే. వైరు దొరకలేదు.

ఆ రోజు కూడా ఇదే వేళ, ఇంకాస్త పొద్దు తిరిగి ఉంటుంది. ఆ భవనంలో లిఫ్టు పని ముగించి సంచి భుజాన వేసుకుని వీధి మలుపు దాకా వచ్చాను. అక్కడ ఇద్దరు పోలీసులు. ఆ వారంలో మెడల్లో గొలుసులు తెంపుకుపోయే దొంగలు తిరుగుతున్నారని వచ్చేపోయేవాళ్ళందర్నీ ఆపుతున్నారు. నన్ను చూసి ఆపలేదు, నా ముందు పాలవాణ్ణి ఆపారు, నా వెనక కళ్ళజోడు ముసలాయన్నీ ఆపారు, మధ్యలో ఉన్నాను గనక నన్నూ ఆపారు. జేబుల్లో ఏమున్నాయో తీసి చూపించమన్నారు. అప్పటిదాకా నాకు భయమే లేదు, భయం ఎందుకు? ఎడమ జేబులోంచి టెస్టరు, పెన్సిలు ముక్క, జేబురుమాలు తీశాను. కుడి జేబులో చెయ్యి పెట్టాను. ఏమీ లేదు. అడుగు దాకా తడిమాను, చిన్న చిరుగు ఉంది, వేలు దూరింది, అంతే. అది తాళంచెవి ఉండే జేబు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. బళ్ళు వదిలే వేళ. ఆ భవనంలో పదమూడుమంది పిల్లలు, నాకు తెలుసు, నా పేరు పెట్టి పిలిచేవాళ్ళు, పుస్తకాల సంచులు తలుపుల మధ్య ఇరికించి లిఫ్టు ఆపుతారు, అదో ఆట వాళ్ళకి. తలుపులో ఏదైనా అడ్డం ఉంటే లిఫ్టు ఆగుతుందని వాళ్ళకి ధీమా. ఆ ధీమా మేమిచ్చిందే. ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. సార్, లిఫ్టులో వైరు మర్చిపోయాను, పిల్లలు చస్తారు, రండి. పది మాటలైనా లేవు, చెప్పడానికి అరనిమిషం పట్టదు. ఆరేళ్ళుగా రోజూ పడుకునే ముందు చెబుతూనే ఉన్నాను. ఆ రోజు మాత్రం నోరు పెగల్లేదు, కాళ్ళు పెగిలాయి.

ఎలా వెళ్ళానో గుర్తులేదు. మెట్లు గుర్తున్నాయి, ఆరు అంతస్తుల మెట్లు, మధ్యలో ఎక్కడో చెప్పు జారింది. మిషన్ రూములో ఆ ఎర్రటి జానెడు వైరు ప్యానెల్ మీద అలాగే ఉంది, దానికి నా తాళంచెవి మెల్లగా ఊగుతోంది. పీకేశాను. గోడకి జారగిలబడిపోయాను. ఎవరికీ ఏమీ కాలేదు. ఎవరికీ ఏమీ కాలేదని నాకు నేనే చెప్పుకుంటుంటే మెట్ల మీద బూట్ల చప్పుడు. అప్పుడు నా బుద్ధి ఏమైందో చెప్పాలి, అదే నా తప్పు, ఈ మొత్తంలో నాదని ఒప్పుకునేది అదొక్కటే. వాళ్ళు వైరు కోసమే వస్తున్నారనుకున్నాను. నా బుర్రలో అదే ఉంది కాబట్టి వాళ్ళ బుర్రలోనూ అదే ఉందనుకున్నాను. అంతకు ముందు ఏడు మా కంపెనీ పనివాడొకడు జంపరు వదిలేస్తే ఒక ఆఫీసు బంట్రోతుకి కాలు పోయింది, వాణ్ణి జైల్లో పెట్టారు, లైసెన్సు చింపేశారు. నన్నూ పట్టుకుంటారు, పనిలోకి రానివ్వరు, నేనింక దేనికి పనికొస్తాను? తాళంచెవి విప్పి జేబులో వేసుకుని, వైరుని గోడ కన్నంలోంచి బయటికి విసిరేశాను. కింద నిలబడ్డ పోలీసు ఎర్రగా ఏదో ఎగిరి పక్క డాబాల మీదకి పడటం చూశాడు. నేనేమీ విసరలేదన్నాను. తాళంచెవి మర్చిపోయి వచ్చానన్నాను. పోలీసులు తరుముతుంటే తాళంచెవి కోసం ఆరు అంతస్తులు ఎక్కావా అని చెంప పగలగొట్టారు.

ఐదో అంతస్తు పంతులమ్మని అప్పటికే ఎవరో చంపేశారు. నాలుగున్నరకి పక్కింటివాళ్ళు తలుపు తోసి చూశారట. మెడ మీద సన్నటి గీత. గీత సన్నది, వైరు సన్నది, లంకె పడిపోయింది. ఆ వైరు దొరికి ఉంటే నేను బతికిపోయేవాణ్ణి. జానెడు వైరు పిల్లి మెడకైనా సరిపోదు, కళ్ళున్నవాడెవడికైనా కనిపిస్తుంది. దాన్ని విసిరేసింది నేనే, ఆ చేత్తోనే, ఇప్పుడు మీసాలాయన పట్టుకున్న ఈ చేత్తోనే. ఈ సంగతి నాలుగేళ్ళు మింగి, చివరికి లాయరమ్మకి చెబితే ఆమె, “మొదటే చెప్పాల్సింది. ఇప్పుడు అప్పీల్లో కొత్తగా, వైరు విసిరింది నేనేనంటే, తెగేలా ఉన్న లంకెని మీరే బిగించినట్టు. మాట్లాడకండి” అంది. మాట్లాడలేదు. పంతులమ్మకి లిఫ్టంటే భయం. నెలకోసారి తనిఖీకి వెళితే ఇత్తడి గ్లాసుతో నీళ్ళిచ్చి, “ముందు నువ్వెక్కు. నీకేం కాకపోతే నేనెక్కుతా” అనేది. ఇద్దరం కిందికి దిగేవాళ్ళం, ఆమె కళ్ళు మూసుకుని నా చొక్కా చెయ్యి పట్టుకునేది, దిగాక ఏమీ ఎరగనట్టు వదిలేసేది. ఆమె కోసం నేను ఏడవనే లేదు. ఏడిస్తే నటన అంటారు, ఏడవకపోతే రాతిగుండె అంటారు, రెండోదే రాసుకున్నారు. ఎవరు చంపారో ఇప్పటికీ తెలియదు. నేను దొరికాక వెతకడం మానేశారు.

రెండూ ఐదు. మళ్ళీ వచ్చింది లిఫ్టు. భోజనాలు చేసినవాళ్ళు గుంపుగా దిగారు, ఫైళ్ళు చంకలో పెట్టుకుని పళ్ళు కుట్టుకుంటూ. చేతికర్రతో ఒక ముసలావిడ చివర్న దిగుతోంది. కర్ర బయట పెట్టింది, కాలు బయట పెట్టింది, రెండో కాలు గడప మీద ఉండగానే లిఫ్టు పైకి బెత్తెడు లేచింది. లేచిందా? ఆవిడ తూలి, పక్కనున్న గుమాస్తా భుజం పట్టుకుని నిలదొక్కుకుంది. “పాడు లిఫ్టు” అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. ఎవరూ పట్టించుకోలేదు. చూశానా, చూశాననుకున్నానా? టక్కుమన్న వరస ఒకటి, ఒకసారే నొక్కిన మీట ఒకటి, బెత్తెడు లేచిన గడప ఒకటి. మూడు. గొలుసేనా ఇది? ప్యానెల్ చూడలేదు, వైరు చూడలేదు, చుట్టుపక్కల సంగతులు చూసి ఒక మనిషి మీద నేరం మోపుతున్నాను. నీలం చొక్కాయన పొద్దున్నుంచీ చెమటోడ్చి బాగుచేసి ఉండొచ్చు. కొక్కెం కాస్త అరిగి ఉండొచ్చు. ముసలావిడే తడబడి ఉండొచ్చు. ఒక్క లంకె తెగినా అది గొలుసు కాదు. నోరు మూసుకుని కూర్చో. ఇరవై ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుంటే చాలు, నీకీ లోకంలో చేయాల్సిన పని అదొక్కటే.

బెంచీ పక్కనే కిటికీ ఉంది. గాలి కోసం మొహం అటు తిప్పాను. కింద కోర్టు గేటు, గేటు బయట చెట్టు నీడన స్కూటర్లు. నీలం చొక్కా అక్కడున్నాడు, ఇప్పుడే భోంచేసి వచ్చినట్టున్నాడు. సంచి సీటు మీద పెట్టి ప్యాంటు జేబు తడుముకుంటున్నాడు. రెండో జేబు. చొక్కా జేబు. మళ్ళీ మొదటి జేబు. సంచి తెరిచి కెలికాడు. వద్దు, వద్దు, అనుకున్నాను. తాళంచెవి ఎక్కడో పడేసుకుని ఉంటాడు, లోకంలో రోజూ వెయ్యిమంది పడేసుకుంటారు. నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు నేలకేసి చూశాడు. తర్వాత తల ఎత్తి మా భవనం కేసి, ఆ పైన, మిషన్ రూము ఉండే చోటికి చూశాడు. ఆ మొహం నాకు తెలుసు. ఇంత ఎత్తు నుంచి కళ్ళూ ముక్కూ కనిపించలేదు, అయినా తెలుసు, లోపలినుంచి తెలుసు. పరుగెత్తాడు. సంచి అక్కడే వదిలేసి గేటు కేసి పరుగెత్తాడు. గేటు దగ్గర తుపాకి పట్టుకున్నతను చెయ్యి అడ్డం పెట్టాడు, ఇతను తోసుకుపోబోయాడు, ఇంకో ఇద్దరు వచ్చి రెక్కలు విరిచి పట్టుకున్నారు. నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. ఏమంటున్నాడో నాకు వినపడక్కర్లేదు. తాళంచెవి మర్చిపోయానండీ అంటున్నాడు. వైరు అనడు. చచ్చినా వైరు అనడు.

ఆరేళ్ళుగా నేను కోరుకున్నది ఒక్కటే, పరుగెత్తడం దేనికీ రుజువు కాదని పెద్ద కోర్టు ఒక్క ముక్క రాయాలని. ఆ మాట రాస్తారో లేదో తేలడానికి ఇరవై నిమిషాలుండగా, ఒక మనిషి పరుగెత్తడం చూసి నేను తీర్పు చెప్పేశాను. పరుగెత్తాడు, కాబట్టి వైరుంది. అప్పీలు లేని తీర్పు. ఇప్పుడు నేను లేవాలి. లేచి పరుగెత్తాలి, పోలీసు చేతిలోంచి చెయ్యి లాక్కుని, తీర్పు రోజున, కోర్టులోనే. రెండో న్యాయమూర్తి పెన్ను మూత పెట్టి ఇక తీయడు. కాళ్ళలోకి అదే వచ్చేసింది, ఆ రోజు వచ్చిందే, మోకాళ్ళు నా మాట వినకుండా ముందుకి వంగాయి. లిఫ్టు కిందికి వెళ్ళింది. మళ్ళీ వస్తుంది. ఎవరో ఒక కాలు పెడతారు.

“సార్” అన్నాను. “సార్, లిఫ్టులో జంపరు వైరు మర్చిపోయారు, దానికోసం పరుగెత్తి వస్తున్నవాణ్ణి గేటు దగ్గర పట్టుకున్నారు. తలుపు తెరిచుండగానే కదులుతోంది. ఇప్పుడే ఆ ముసలావిడ చావాల్సింది. పైకెళ్ళి ఆపాలి. నన్ను వదలకండి, చెయ్యి వదలకండి, నాతో మీరూ పరుగెత్తండి.” అరనిమిషం కూడా పట్టలేదు. మీసాలాయన నన్ను చూశాడు, లిఫ్టుని చూశాడు. “తీర్పు దగ్గరపడేసరికి పిచ్చెక్కిందా?” మా ఆవిడ అప్పటికే లేచింది. “ఏమైందండీ?” “జంపరు” అన్నాను. లిఫ్టు పనివాడి పెళ్ళాం, ఇంకో మాట అడగలేదు. డబ్బా నేలమీద పెట్టి పోయి లిఫ్టు గుమ్మానికి అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడింది. “ఎవరూ ఎక్కకండి, ప్రాణాలు పోతాయి” అని వరండా అదిరేలా అరిచింది. ఒక లాయరు ఆమెని జరగమన్నాడు, ఆమె జరగలేదు. అంతలో ఆమె వెనక లిఫ్టు వచ్చింది. తలుపులు ఇంకా మూరెడు తెరుచుకుని ఉండగానే, కింద ఎవరో మీట నొక్కినట్టున్నారు, అలా నోరు తెరుచుకునే కిందికి దిగిపోయింది. లాయరు ఒక అడుగు వెనక్కి వేశాడు. మీసాలాయన చూశాడు. ఆయన వేళ్ళు నా వేళ్ళని నలిపేశాయి.

“పద” అన్నాడు.

ఇద్దరం పరుగెత్తాం. మూడు నుంచి నాలుగు, నాలుగు నుంచి ఐదు, చేతిలో చెయ్యితో, ఆయన మోకాళ్ళు కిర్రుమంటున్నాయి, “అమ్మా, అయ్యా, నీ తాళంచెవి తగలెయ్య” అంటూనే ఉన్నాడు, చెయ్యి మాత్రం వదల్లేదు. నాకు నవ్వూ ఏడుపూ రెండూ వస్తున్నాయి, భయం మాత్రం వెనకపడలేదు, మాతోపాటే మెట్లెక్కుతోంది. పైన ఏమీ లేకపోతే? ప్యానెల్ శుభ్రంగా ఉంటే? నేను నిజంగానే పిచ్చివాణ్ణయి, ఆ నీలం చొక్కాయన నిజంగానే తాళంచెవి పారేసుకుని ఉంటే? మిషన్ రూముకి గడియ మాత్రమే వేసి ఉంది. లోపల గ్రీజు వాసన, వేడి, ఆరేళ్ళ తర్వాత నా ఇంటి వాసన. ముందు మెయిన్ స్విచ్చి దించాను. చక్రం ఆగింది. అంతా నిశ్శబ్దం. ప్యానెల్ తలుపు తెరిచాను.

పసుపురంగు వైరు, జానెడు. దానికి స్కూటర్ తాళంచెవి, మెల్లగా ఊగుతోంది.

మీసాలాయన ఆయాసపడుతూ నా భుజం మీదుగా తల పెట్టి చూశాడు. తాళంచెవిని చూపుడువేలితో తాకాడు, అది మళ్ళీ ఊగింది. “ఆ రోజు” అన్నాడు. ఊపిరి అందక ఆగాడు. “ఆ రోజు నువ్వు దీనికోసమే...” అవునని తల ఊపాను. వైరు పీకాను. నా పక్కనే గోడకి కన్నం ఉంది, అచ్చం అలాంటిదే, అందులోంచి ఎండ పడుతోంది. నా చెయ్యి ఒక్క క్షణం అటు వెళ్ళింది. అబద్ధమెందుకు, వెళ్ళింది. వెనక్కి తెచ్చి వైరునీ తాళంచెవినీ కలిపి ఆయన ముందు పెట్టాను. ఆయన వాటిని జేబురుమాలులో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. “గేటు దగ్గర వాణ్ణి పట్టుకున్నారన్నావుగా. వాడు పారిపోవడానికి పరుగెత్తలేదని నేను చెబుతాను” అన్నాడు. అప్పుడొచ్చింది నాకు ఏడుపు. పంతులమ్మ కోసం ఆరేళ్ళు దాచుకున్న ఏడుపు, చొక్కా చెయ్యి పట్టుకునే ఆ ముసలి చెయ్యి కోసం, ప్యానెల్ పెట్టె పట్టుకుని నిలబడి ఏడ్చాను. ఆయన తొందరపెట్టలేదు.

కిందినుంచి బిళ్ళబంట్రోతు కేక వినిపించింది. అప్పీలు నంబరు, తర్వాత నా పేరు. ఒకసారి. మెట్లు దిగుతున్నాం. రెండోసారి పిలిచేటప్పటికి నాలుగో అంతస్తులో ఉన్నాం, మా ఆవిడ గొంతు వినిపిస్తోంది, “వస్తున్నాడండీ, పారిపోలేదు, పైకెళ్ళాడు, వస్తున్నాడు” అని ఎవరికో చెబుతోంది, ఆ గొంతులో భయం నాకు తెలుసు. మీసాలాయన ఒక చేత్తో గోడ పట్టుకుని, ఒక చేత్తో మోకాలు పట్టుకుని, ఒక్కో మెట్టే దిగుతున్నాడు. నా చెయ్యి ఎవరి చేతిలోనూ లేదు. నేను ముందుకి పోతే ఆయన అందుకోలేడు. కింద మెట్లు ఖాళీగా ఉన్నాయి, ఆ చివర గేటు, ఆ బయట వీధి, ఎండ. రెండో న్యాయమూర్తి ఏం రాశాడో ఇంకో ఐదు నిమిషాల్లో తెలుస్తుంది, మీసాలాయన జేబులో చుట్టిన జానెడు వైరు ఆ రాతలో ఇప్పుడిక చేరదు. రెండు మెట్లు వెనక్కి ఎక్కి, ఆయన చెయ్యి నేనే పట్టుకున్నాను. మూడోసారి పిలిచారు.

“ఉన్నానండీ” అన్నాను.